విరుగుడు

"ఆత్మరక్షణకు నా ఒంటికి సరిపడేదేదైనా నేర్పండి మామయ్యా," అంది కోడలు.

శిక్షకుడు ఆమె మోకాలిని వంచి చూశాడు. అది సగంలోనే మొరాయించింది.

"తన్నడం నీ వల్ల కాదు. కరాటే వద్దు."

భుజం కూడా పైకి లేవలేదు.

"బాక్సింగూ లేదు. ఎన్నిసార్లు జారిపడతావు? మన మెట్లు నీమీద పగబట్టాయేమిటమ్మా!"

ఆయన నవ్వాడు, ఆమె నవ్వలేదు.

"సరే, జూడో. కూర్చునైనా పట్టు పట్టొచ్చు. మణికట్టు ఇలా ఇవ్వు."

ఎముక మెలితిరిగి అతుక్కున్న తీరు తగలగానే ఆయన వేళ్లు ఆగిపోయాయి. అలా విరిచే పట్టు ఆయన సృష్టించిందే.

"ఇది నేను మీ ఆయనకి తప్ప ఎవరికీ నేర్పలేదే..."

"అందుకే మీ దగ్గరికొచ్చా మామయ్యా. విడిపించుకోవడం ఎలాగో చెప్పండి, చాలు."

ఆయన తల దించుకున్నాడు. విడిపించుకునే దారి మిగలకుండా ఆ పట్టును తీర్చిదిద్దడానికే ఆయన తన యౌవనమంతా వెచ్చించాడు.