డూపు లేని మనిషి

“తగల్లేదు మాస్టారూ. నా కాలు అన్న మొహానికి ఇంత దూరంలోంచి వెళ్ళింది” అన్నాడు బొంగరం, అరచెయ్యి అడ్డంగా పట్టి చూపిస్తూ.

గాల్లో గిర్రున తిరిగి తన్నడంలో దిట్ట కాబట్టి ఫైటర్లందరూ అతన్ని బొంగరం అనే పిలుస్తారు. ఇప్పుడు మాత్రం ఫ్లోర్ మధ్యలో కదలకుండా నిలబడ్డాడు.

“తగలకపోతే అదేంటి మరి?” ఫైట్ మాస్టర్ హీరో మొహం వైపు చెయ్యి చూపించాడు.

కుర్చీలో కూర్చున్న హీరో తువ్వాలు మొహం మీంచి తియ్యలేదు. ఈ మధ్య అతను ఇంటి దగ్గరే మేకప్ వేసుకుని వస్తున్నాడు. ముడతలు ఎవరి కంటా పడకూడదని కాబోలని యూనిట్‌లో వాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. షాట్ అయ్యాక చెమట తుడుచుకుంటుంటే ఆ మేకప్ తువ్వాలుకు అంటుకొచ్చింది. ఎడమ కంటి కింద కమిలిన మచ్చ బయటపడింది. ముందు చూసింది మేకప్ ఆవిడ. ఆవిడ చూపు పక్కకు తిప్పుకుంది. తర్వాత చూసిన డైరెక్టర్ ఫ్లోరంతా వినపడేలా అన్నాడు.

“అప్పుడే నీలం తిరిగిందంటే ఎంత బలంగా తగిలుండాలి.”

మానిటర్‌లో షాట్ మళ్ళీ వేశారు. బొంగరం తిరిగాడు, కాలు లేచింది, హీరో తల విసిరేసినట్టు పక్కకు వాలింది.

“చూడు” అన్నాడు ఫైట్ మాస్టర్.

“అలా కనపడాలనే కదా మాస్టారూ మీరు కెమెరా అక్కడ పెట్టించింది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫైట్ మాస్టర్ నవ్వలేదు. “నోరు పెంచకు. హీరోని దెబ్బ కొట్టిన ఫైటర్ని మళ్ళీ ఏ ఫ్లోర్ మీదకీ రానివ్వరు. తెలుసుగా?”

బొంగరం తలూపాడు. మానిటర్ మళ్ళీ చూశాడు. ఇంకోసారి వెయ్యమని అడిగి చూశాడు. చూస్తున్నకొద్దీ అతని మొహంలో నమ్మకం సడలిపోవడం హీరోకు తువ్వాలు అంచు మీంచి కనపడుతూనే ఉంది.

“తగిలిందేమో” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “బూటు వేసుకున్నాను కదా, నాకు తెలిసుండదు. తప్పయిపోయింది అన్నా.”

ఆ మాటకు హీరో కళ్ళు మూసుకున్నాడు.

సినిమాల్లోకి రాకముందు అతను కరాటే ఛాంపియన్. ఎదుటివాడి భుజం కదిలితే చాలు, దెబ్బ ఎటు నుంచి వస్తుందో తెలిసిపోయేది. కొట్టడమే నేర్చుకున్న ఆ చేతులకు, కొట్టకుండా కొట్టినట్టు కనపడడం నేర్పింది ఈ ఫైట్ మాస్టరే. మొదట విలన్ వెనకాల నిలబడి ఎగిరిపడే వేషాలు వేశాడు. తర్వాత విలన్ అయ్యాడు, ఆ తర్వాత హీరో. పోస్టర్ల మీద అతని పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ‘డూపు లేదు’ అని వేసేవాళ్ళు.

అలాంటివాడు దెబ్బ తిన్నాడు. నొప్పి ఎప్పుడో పోయింది. పోనిది వేరే ఉంది. వస్తున్న చెయ్యీ కాలూ కనపడని గుడ్డివాడేం కాదు తను. పక్కకు జరగొచ్చు. అడ్డుకోవచ్చు. రెండూ ఒంట్లో ఇంకిపోయిన పనులే. అయినా బెత్తం ముందు పసివాడిలా నిలబడిపోయాడు. ఎందుకని తనను తాను ప్రశ్నించుకోవడానికి కూడా మొహం చెల్లడం లేదు.

తువ్వాలు దించాడు.

“వాడి తప్పేం లేదు.”

అందరూ ఇటు తిరిగారు.

“వాడి కాలు సరిగ్గానే వచ్చింది. నేనే ముందుకు వంగాను. టైమింగ్ నాది తప్పింది.”

“మీదా?” అన్నాడు డైరెక్టర్.

“నాదే.”

ఫైట్ మాస్టర్ దగ్గరకొచ్చి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. “ఛాంపియన్, వాణ్ని కాపాడ్డానికి అంటున్నావా?”

“కాదు.”

“ఈ మాట బయటికెళ్తే ముసలాడైపోయాడంటారు.”

“అననీ.”

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “పోనీ సార్, రేపట్నుంచి ఫైట్లకి డూపుని పెట్టుకుందాం. దగ్గరి షాట్లు మీరు చేద్దురుగాని.” జబ్బుమనిషితో మాట్లాడినంత మెత్తగా ఉంది ఆ గొంతు.

“సరే” అన్నాడు హీరో. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని అతను అనుకోలేదు. లైట్లు ఆర్పేస్తున్నవాళ్ళు అతని వైపు చూడకుండా తీగలు చుట్టుకుంటున్నారు.

కారవాన్‌లో మేకప్ ఆవిడ దూది పట్టుకుని చెయ్యెత్తింది. హీరో చప్పున వెనక్కి జరిగాడు.

“దూదే సార్” అందావిడ.

బొంగరం తలుపు దగ్గర నిలబడ్డాడు. “నాకోసం పరువు పోగొట్టుకున్నావన్నా. నా పెళ్ళాంబిడ్డలకు చెప్తాను, మా ఇంట్లో దీపం నిలబెట్టింది నువ్వేనని.”

“ఎవరికీ చెప్పకు.”

“ఎందుకన్నా? ఇంత మంచిపని...”

“మంచిపని కాదురా. వెళ్ళు.”

బొంగరం కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. ఆ కళ్ళలోకి చూడడం హీరోకు చేతకాలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య తలుపు తీసింది. చేతిలో సంచీ అందుకుంది. కడిగిన మొహాన్ని ఒక క్షణం చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్ళి గుడ్డలో ఐసు ముక్కలు చుట్టి తెచ్చింది. అతను సోఫా అంచున కూర్చున్నాడు.

“రేపట్నుంచి డూపుని పెడతారట” అన్నాడు.

“మంచిదేగా. ఈ వయసులో మీకెందుకా దెబ్బలు.”

గడ్డం పట్టుకుని అతని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. ఐసు గుడ్డ మెల్లగా అద్దింది. నీళ్ళు కారితే కొంగుతో తుడిచింది. అతను కదల్లేదు.

“పొద్దున మరీ గట్టిగా కొట్టానా?” అంది.