కిటికీ లేని గది

మా బావ ఈ ఊరినే ఫొటోలు తీస్తాడు, నేనూ ఈ ఊరినే తీస్తాను. అవే వీధులు. అయినా జనం ఆయన ఫొటోల ముందే ఆగిపోతారు.

"నీ ఫొటోల్లో గోడలే ఉంటాయిరా. మీ బావ తీస్తే గోడ వెనక మనుషులు కూడా తెలుస్తారు," అంది అక్క భోజనాల దగ్గర. నా సొంత అక్క!

పైగా ఆయన ఫిల్ములు కడిగి ప్రింట్లు వేసి పెట్టేది నేనే.

ఆ రాత్రి డార్క్‌రూమ్‌లో కడుపు మండిపోయి, ఆయన కొత్త ఫొటో ప్రింటు వేస్తూ కాగితానికి కావాలనే ఎక్కువసేపు లైటు చూపించాను. లైటు ఎక్కువైతే కాగితం నల్లబడుతుంది, ఆయన ఊరు బొగ్గైపోవాలని. మందు ట్రేలో ముంచితే అనుకున్నట్టే వీధంతా నల్లబడింది. ఒక్క కిటికీ మాత్రం వెలుగుతూనే ఉంది.

పట్టుదల కొద్దీ మరో కాగితానికి ఇంకా ఎక్కువ లైటు చూపించాను. కిటికీ ఇంకా తేటగా వచ్చింది.

వంగి చూశాను. అది మా వీధే. కిటికీ ఉన్న గోడ ఈ డార్క్‌రూమ్ గోడే. ఈ గదికి కిటికీ లేదు.

కిటికీ లోపల ఎవడో ట్రే మీదికి వంగి ఉన్నాడు. వీపు మాత్రమే కనబడుతోంది. ఆ చిరిగిన కాలరు నాదే.

నా వెనక, గోడ వైపు నుంచి, కెమెరా క్లిక్‌మంది.

నేనింకా తిరగలేదు. ఫొటోలో వాడు మాత్రం మెల్లగా తిరుగుతున్నాడు.