గడపకాడి కావలి

“బతికున్న మనిషిని సంపింది మీరే. ఫ్యాన్ కింద కూసోని, చాయ్ తాగుకుంట సంపిండ్రు. కార్డు ఇచ్చిననాడు ఆమెతోని ఫోటో దిగిండ్రు గద. గిప్పుడు ఫోటో ఉన్నది, మనిషి లేదంటుండ్రు.”

డానియల్ కౌంటర్ అద్దం మీద అరచెయ్యి ఆనించి అన్నడు. నల్లగొండలో అది ఆరోగ్య కార్డుల ఆఫీసు. లైన్లో ఉన్నోళ్లంతా తిరిగి చూసిండ్రు.

చచ్చిపోయినామె బెంచీ మీద కూర్చున్నది. పేరు నిర్మలమ్మ, డానియల్ తల్లి. పొద్దున్నే మోత్కూర్ నుంచి బస్సులో వచ్చింది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. వాటిని చేతిలో పట్టుకున్నది.

ఆమె కిడ్నీలు రెండూ పోయినయి. వారానికి మూడుసార్లు దవాఖానలో మిషన్ మీద రక్తం కడగాలె. శనివారం పోతే దవాఖాన కౌంటర్ల కార్డు చూసిన పిల్ల తల ఎత్తలేదు. “ఈమె చనిపోయిందని వస్తాంది. మిషన్ ఇయ్యరాదు” అన్నది. ఇయ్యాల సోమవారం. సాయంత్రం దాటితే ఊపిరి ఆడదని డాక్టర్ ఖరాకండిగా చెప్పిండు.

“అన్నా, నేను సంపలే,” అద్దం లోపలి నుంచి మెహ్రీన్ అన్నది. కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల. “నాకు సంపే బటనే ఇయ్యలే. బతికిచ్చేది గూడ ఇయ్యలే. పోయిన గురువారం చనిపోయినట్టు చూపిస్తాంది, అంతే.”

“గురువారం పోయిన్నంట,” బెంచీ మీది నుంచి నిర్మలమ్మ అందుకున్నది. “ఏసయ్య మూడోనాటికే లేచిండు. నాకియ్యాల ఐదో దినం.”

లైన్లో ఇద్దరు నవ్విండ్రు. డానియల్ నవ్వలేదు. అతను కూడా ప్రోగ్రాములు రాసెటోడే. కాలేజీలో చెప్పిన చదువు కాదు. ఫోన్‌లో చూసి, పాత లాప్‌టాప్ మీద కొట్టి కొట్టి మూడేండ్లు సొంతంగ నేర్చుకున్నడు. ఈ పని ఎంత మనసు పెట్టి చేయాల్నో అతనికి తెలుసు. అందుకే ఎక్కువ మండుతాంది.

పట్నం కంపెనీ ఒకటి అతనికి పని పంపుతది. పెద్ద పనిని ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇస్తది. ఎవరికి, ఎందుకు అని అడిగినోనికి తెల్లారి పని ఉండదు. డానియల్ అడగడు. ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టి తలుపేసుకుంటడు. మొదటి అరగంట ఈగ వాలినా తెలుస్తది. ఆ తర్వాత ఈగ ఉండదు, ఇల్లుండదు, ఆకలుండదు. లైను వెనక లైను దానంతటదే వస్తది. ఎవరన్న ఒక్కసారి పిలిస్తే అంతా చెదిరిపోతది. మళ్ల ఆ లోతుకు దిగాలంటే గంట కావాలె.

ఆ గంట పోవద్దని నిర్మలమ్మ గడపలో కావలి కూర్చుంటది. మేకలొస్తే అదిలిస్తది. పాస్టరమ్మ వచ్చినా “ఇంట్ల లేడు” అంటది. ఆ అబద్ధానికి ఆదివారం ప్రార్థనలో మాఫీ అడుక్కుంటది. పోయిన వారమంతా అదే కావలి. మిషన్ కాడికి కూడా కొడుకును పిలవకుండ ఒక్కతే బస్సెక్కి పోయింది.

మెహ్రీన్ పైఅంతస్తుకు పోయి వచ్చింది.

“సారు ఏమంటుండంటే, ఆమె కార్డు నంబరు కంప్యూటర్ల కొట్టినోడే తప్పైందని రాసి సంతకం పెట్టాలె. అప్పుడే పేరు మళ్ల ఎక్కుతది. వేరేటోళ్లు పెడితే చెల్లదట.”

“వాడెవడు?”

“సారు ఇంక కనుక్కుంటుండు.”

“ఫిర్యాదు కాగితం ఇయ్యి.”

‘తప్పు చేసినోని పేరు’ అన్నకాడ ఖాళీ ఇడిసి డానియల్ నిలబడే రాసిండు, రాసుకుంటనే పైకి చదివిండు. “మా అమ్మను రికార్డుల సంపినోన్ని ఇయ్యాల్నే పట్టుకరావాలె. ఆమె ముందట నిలబెట్టాలె. గసుంటోన్ని మళ్ల కంప్యూటర్ ముట్టనియ్యొద్దు.”

“గంత కోపమెందుకు బిడ్డా,” నిర్మలమ్మ అన్నది. మాటకు మాటకు నడుమ ఊపిరి తీసుకుంటాంది. “వానికి సుత తల్లుంటది.”

“ఉంటే ఆమెనే అడుగుత. ఎట్ల పెంచినవమ్మా అని.”

లోపల ఫోన్ మోగింది. మెహ్రీన్ చాలాసేపు విన్నది. పెట్టేసి అద్దం దగ్గరికి జరిగింది.

“జిల్లా మొత్తంల మీ అమ్మ ఒక్కతే గిట్ల పోయిందన్నా. చనిపోయినోళ్ల పేర్లు తీసేసే కొత్త ప్రోగ్రాం పెట్టిండ్రు. రాసినోడు అది నడుస్తదా లేదా చూద్దామని గురువారం ఒక నంబరు కొట్టిండు. ఉత్త డమ్మీ లిస్టు, ఏ నంబరన్న కొట్టుకో అని పట్నం కంపెనీయోళ్లు వానికి చెప్పిండ్రట. అది అసలు లిస్టే.”

“గన్ని నంబర్లుండంగ ఈమెదే ఎందుకు కొట్టిండు?” లైన్లో ఉన్న ఒకాయన అడిగిండు.

“ఆ సంగతి వాన్నే అడగాలె.”

డానియల్ తల్లి పాదాల దిక్కు చూసిండు. తర్వాత పెన్ను మూత మళ్ల తీసిండు.

ఏండ్లకేండ్లు దవాఖాన ఫారాలు నింపి నింపి, ఆ లోతులో వేళ్లకు చూడకుండ వచ్చిన ఒకే ఒక్క నంబరు అమ్మదే కాబట్టి, కాగితం మీద ‘తప్పు చేసినోని పేరు’ అన్నకాడ డానియల్ తన పేరు రాసి, కింద సంతకం పెట్టి, అద్దం కింది సందులోంచి లోపలికి తోసిండు: “కొట్టింది నేనే, మిషన్ కాడికి ఇప్పుడే ఫోన్ చెయ్యి.”