జొన్నచేలో మహాయుద్ధం

“ఆ బొమ్మా? నీకేమైనా పిచ్చా బిచ్యా!”

వెంకటనారాయణ రీలు డబ్బా మూత తీసినవాడల్లా మళ్లీ మూసేశాడు. పినపాక దగ్గర రేకుల షెడ్డులో నడిచే ఆయన హాలుకి ఈమధ్య మనుషులకంటే పిల్లులే ఎక్కువ వస్తున్నాయి. ఊళ్లోకి టీవీలు దిగాయి మరి. ఇక ఓపిక లేదు. హాలు ఎత్తేసి పెనుబల్లి పోయి తమ్ముడి పక్కన పొలం చేసుకుందామని నిర్ణయించుకున్నాడు. పాత రీళ్లు కొనేవాడు రేపు పొద్దున వస్తానన్నాడు. అందరికంటే ముందు వదిలించుకోవాల్సిన దరిద్రం ‘ఏకశిలా సమరం’.

“వాడు కొంటబోతే మళ్ల దొరకదు గద సేటూ. ఒక్కపారి ఎయ్యి. కరెంటు ఖర్చు నేనిస్త,” అన్నాడు బిచ్యా.

“ఖర్చు సంగతి కాదయ్యా. మూడు గంటలు ఆ రాజుగారి ఏడుపు నేను వినలేను.”

డెబ్బైతొమ్మిదిలో ఆ సినిమా తీసింది బిచ్యా వాళ్ల తండా పక్కనే. కాకతీయుల చివరి యుద్ధం. తండా మొగవాళ్లంతా సైనికులే. పొద్దున కాకతీయుల వైపు, మధ్యాహ్నం సుల్తాను వైపు. ఏనుగులు, గుర్రాలు, కత్తులు చూసి వెంకటనారాయణకు మతి పోయింది. ఈ ఏరియా మొత్తానికి బొమ్మ తనే కొనేశాడు.

తీరా విడుదలయ్యాక హైదరాబాదు వారపత్రిక ఒకటి ‘జొన్నచేలో మహాయుద్ధం’ అని పేరు పెట్టి చీల్చి చెండాడింది. ఒకపక్క సామ్రాజ్యం కూలిపోతుంటే, వెనక జొన్నచేలో మంచె మీద ఒకావిడ వడిసెల తిప్పుతూ చిలకల్ని తోలుతోందట. మంచె కింద ఎర్ర ప్లాస్టిక్ బిందె. సినిమా మొత్తంలో సహజంగా నటించింది ఆవిడ ఒక్కతేనని కూడా రాశారు. ఇంకేముంది, ఖమ్మంలో జనం రాజు చచ్చిపోతుంటే చిలకల్లా అరిచి గోల చేశారు. రెండో వారం చూడకుండానే బొమ్మ డబ్బాలోకి వెళ్లిపోయింది.

ఆ మంచె మీద ఉన్నది బిచ్యా పెళ్లాం ద్వాలి. సినిమావాళ్లు తప్పుకోమంటే, చిలకలు గింజలు తింటే మీరిస్తరా అని తిట్టి పంపిందట. నిరుడు జ్వరమొచ్చి పోయింది.

అది గుర్తొచ్చాక వెంకటనారాయణ గొంతు కొంచెం మెత్తబడింది. “ఫొటో అన్నా లేదా ఆమెది?”

“లేదు సేటూ. గిండ్లనే ఉన్నది.”

“చేను గొడవ ఏమైంది?”

“మొన్నమొన్ననే అడివి నరికి చేను జేసినవ్ అని ఫారెస్టోళ్లు రాసిన్రంట. వచ్చే వారం కందకం కొట్టి మమ్ముల ఎల్లగొడ్తరంట.” బిచ్యా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “తిరిగి తిరిగి కాళ్లు పడిపోయినయ్. ఎవలు ఇంటరు మా మాట? చేను పోతె నేనేం దిని బతకాలె?”

పెళ్లాం పోయింది, చేను పోబోతోంది, రేపు ఈ రీలు కూడా పోతుంది. ఛ, ఇదేం బతుకు అనిపించింది వెంకటనారాయణకు.

“సరే, మధ్యాహ్నం రా. యుద్ధం రీలు వేస్తాను, చూసుకుని పో.”

“గట్ల గాదు, మొదట్నుంచి ఎయ్యాలె. సర్కారు కాయితం పడ్తది జూడు, గాడికెల్లి.”

“సెన్సారు సర్టిఫికెట్టా? అదెవడు చూస్తాడయ్యా?”

“మేం సూస్తం.”

మధ్యాహ్నం బిచ్యా ఒక్కడే రాలేదు. వెంట నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా. మొహంలో బొమ్మ చూడాలన్న సరదా ఏ కోశానా లేదు. “ఈయనకు మా ద్వాలిని సూపియ్యాలె,” అన్నాడు బిచ్యా. పాపం, ఎక్కడో ఉద్యోగం చేసే ఆమె తమ్ముడు కాబోలు, చావుకు అందలేదేమో అనుకున్నాడు వెంకటనారాయణ.

బొమ్మ మొదలైంది. సర్టిఫికెట్ పడగానే ఆ మనిషి ముందుకు వంగి దాని మీది తేదీ చదివాడు. తర్వాత రాజు ఉపన్యాసాలకు ఆవలించాడు. ఒకసారి గడియారం కూడా చూసుకున్నాడు. ఎట్టకేలకు యుద్ధం వచ్చింది.

“అగో, ఏనుగు పక్కన పడ్డది నేనే! నన్ను గాదు, ఎన్క సూడుండ్రి, ఎన్క!”

మంచె మీద ద్వాలి కనిపించింది. పడుచు మనిషి, కొంగు నడుముకు బిగించి వడిసెల తిప్పుతోంది. బిచ్యా లేచి నిలబడ్డాడు. ఇంకేదో చెప్పబోయి చెప్పలేక, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

“ఇంకోసారి వేస్తారా?” అని అరిచాడు ఆ మనిషి.

వెంకటనారాయణ విసుక్కోలేదు. రీలు వెనక్కి చుట్టి మళ్లీ వేశాడు. అయ్యాక ఆ మనిషే ప్రొజెక్టరు గదిలోకి వచ్చాడు.

“వెనక కనిపించేవి తండా దగ్గరి జంటగుట్టలే కదండీ?”

“అవేనండి. వాటి ముందున్న చేనే నా కొంప ముంచింది. రాజు ఏడుపు చూడండ్రా అంటే అందరూ ఆ చేనే చూశారు.”

ఆ మనిషి కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. బాగా అలిసిపోయినట్టున్నాడు.

“ఈ రీలు మాత్రం రేపు అమ్మకండి. దీంతో పనుంది.”

వెంకటనారాయణ ఆ రీలు తీసి విడిగా పక్కన పెట్టాడు. “అమ్మనులెండి బాబూ. ఇంతకీ ద్వాలికి మీరేమవుతారు?”

“ఏమీ కాను, ఆ చేను అడవి అని రాసింది నేనే.”