గెడ్డ తెచ్చిన గేదెలు

చచ్చిపడి ఉన్న గేదె నుదుటి మీది బురదని ఎవరో మనిషి అరచేత్తో తుడుస్తున్నాడు.

"ఎవుడివి నువ్వు?" కాశమ్మ గట్టు మీంచే గద్దించింది.

అతను లేచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ దాకా బురద. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు.

కాశమ్మది సబ్బవరం దగ్గర పల్లె. రెండు గేదెల పాలు గోపాలపట్నంలో పోసి బతికేది. తుఫానుకి ఊరి పక్కన పారే గెడ్డ పొంగి, పశువుల పాకతో సహా ఆ రెండింటినీ ఈడ్చుకుపోయింది.

కళేబరాలు కూడా దొరకలేదు. కళేబరం చూపించకపోతే పరిహారం రాదన్నారు.

నీళ్ళు తీశాక, ఎక్కడివో రెండు చచ్చిన గేదెలు ఆమె పొలం పక్క మొగలి పొదల్లో తేలాయి. ఎవరివో తెలియడానికి చెవులకి బిళ్ళలు కూడా లేవు.

నీవేనని చెప్పెయ్యమన్నాడు మరిది అర్జునరావు. నీ గేదెలు పోయిన మాట నిజమేగా, ఇందులో అబద్ధమేముందన్నాడు. కాశమ్మ చివరికి సరేనంది.

పశువుల డాక్టరు వచ్చే వేళయింది. సరిగ్గా అప్పుడే ఈ మనిషి.

"ఇయ్యి మీవేనా అమ్మా?" అని అడిగాడతను.

"నావి కాక నీవా?"

అతను ఇంకేమీ పశువులు మిగల్లేదా అని మెల్లిగా అడిగాడు.

ఆ మాటకి కాశమ్మ ఒళ్ళు మండింది. మిగిలితే ఈ కంపులో ఎందుకు నిలబడతానంది. పాక పోయింది, పాడి పోయింది, పాలు పోయించుకునే ఇళ్ళవాళ్ళు ప్యాకెట్లకి మారిపోయారు, ఇప్పుడు ఆరా తియ్యడానికి నువ్వొకడివి తయారయ్యావంది. గిట్టనివాళ్ళెవరో పంపించి ఉంటారనుకుంది.

ఇంతలో అర్జునరావు వచ్చాడు. తోళ్ళ బేరగాడనుకుని, భుజం పట్టి ఒక్క నెట్టు నెట్టాడు. అతను బురదలో కూలబడ్డాడు.

"నాను దేనికీ రాలేదు బాబూ. కాసేపు కూకోని ఎల్లిపోతాను."

"సచ్చిన గేదెల కాడ నీకేటి పని? నడు." కాశమ్మ కర్ర అందుకుంది.

అతను లేచాడు. తాగడానికి నీళ్ళడిగాడు. ఎవరూ ఇవ్వలేదు.

నాలుగడుగులు వేసి ఆగి, లోతుగా పాతించమని, లేకపోతే కుక్కలు తవ్వేస్తాయని చెప్పాడు. అది కూడా కాశమ్మకి వెటకారంగానే వినిపించింది. అతను మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉంది.

కాసేపటికి డాక్టర్ స్టెఫీ వచ్చింది. ఇవి మీవేనా అని అడిగితే కాశమ్మ తల ఎత్తకుండా నావేనంది. డాక్టరు ముక్కుకి గుడ్డ కట్టుకుని పరీక్ష చేసింది, ఫొటోలు తీసింది. జేసీబీ వచ్చి గొయ్యి తీసి రెండింటినీ పూడ్చింది.

చేతులు కడుక్కుంటూ డాక్టరు అడిగింది.

"గవర్రాజుగారు మీతో మాట్లాడారా అమ్మా?"

"ఆయనెవురు?"

ఎగువ ఊరి రైతు అని చెప్పింది డాక్టరు. అతనికున్నవీ రెండే గేదెలు, అవీ గెడ్డలో కొట్టుకుపోయాయి. అప్పట్నించీ ఒడ్డు పట్టుకుని వెతుక్కుంటూనే ఉన్నాడట. ఇక్కడ కళేబరాలు ఉన్నాయని తెలిసి, ముందు వెళ్ళి చూసుకోమని ఆవిడే పంపిందట. అతనివైతే పరిహారం అతనికే రాస్తానని కూడా చెప్పిందట.

కాశమ్మ చెంబుతో నీళ్ళు పొయ్యడం ఆపేసింది.

"మరి... ఏటన్నాడు?"

"నేనొస్తుంటే తారురోడ్డు మీద ఎదురయ్యారు. తనవి కావన్నారు. ఆ అమ్మవే, ఆవిడకే రాయండన్నారు."

గెడ్డ వెంట ఇంకా కిందికి వెళ్ళాడా అని కాశమ్మ అడిగింది.

"లేదమ్మా," అంది డాక్టరు బండి తీస్తూ, "ఇంక వెతకక్కర్లేదని ఇంటికి వెళ్ళిపోయారు."