బొక్క లేని మేక

విమానాల్లో పెట్టే భోజనాలు వండే నర్సింగ్, ఆ ఆదివారం శంషాబాద్‌లోని తన ఇంట్లోనే చైనా వంటకు దిగాడు. నూడుల్స్ మీద వేసే ఎర్రటి కాల్చిన పంది మాంసం అది. తల్లి అండాలమ్మకు మాత్రం మేక అని చెప్పాడు. ఇంట్లో పంది వండితే ఆమె గిన్నెలతో సహా బయట పారేస్తుంది.

సోయా సాస్, తేనె, బీట్‌రూట్ రసం పట్టించిన ముక్కలను బొగ్గుల మీద కాల్చి, సన్నగా కోసి, నూడుల్స్ మీద పేర్చి తల్లి ముందు పెట్టాడు.

అండాలమ్మ ఒక ముక్క నమిలింది. పంటికి ఎముక తగల్లేదు. "బొక్క ఏదిరా?"

"తీసేసిన అమ్మా."

"మేకకు గింత కొవ్వేంది?"

"రాజేంద్రనగర్ల పెరిగిన మేక. వ్యవసాయ యూనివర్సిటీ గడ్డి మేసింది."

"మరి గీ తీపేంది?"

"తేనె రాసిన." నర్సింగ్ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

ఆమె నూడుల్స్ పక్కకు నెట్టి, ముక్కలన్నీ ఏరుకుని తినేసింది.

"మీ బాపు గూడ గిట్లనే మేకని చెప్పి తెచ్చేటోడు. ఇరవై ఏండ్లు తిన్న."

నర్సింగ్ నోరు తెరిచాడు. "అంటే, అది పందని నీకు..."

"నోరు ముయ్యి!" అని కసిరింది అండాలమ్మ. "నువ్వు ఆ పేరెత్తితే నేను గిన్నెలు పారెయ్యాలె. మేకనే అను. ఇగ ఇంకో నాలుగు ముక్కలెయ్యి."