గంగుబాయి కట్టె

“పొద్దుగూకేవరకు గీ తొట్టి నీళ్లు తేటగాకపోతే దుకాణానికి తాళమేసుడే, హీరాలాల్. నా చేతుల ఏం లేదు,” అని మున్సిపాలిటీ భానుప్రసాద్ బండెక్కాడు.

తొట్టి నీళ్లు పారే మోరీ గట్టున ముత్తవ్వ తన తెల్లమేక మూతి ఎత్తి చూపించింది. అది నీలంగా ఉంది.

“నీ చీరెల రంగు నా మేక తాగుతుంది అన్నా. రేపు పాలు గూడ నీలంగనే పిండాల్నా?”

హీరాలాల్ పైకి నవ్వాడు. బాన్సువాడలో చీరలకు రంగులు వేయడం తప్ప అతనికి వేరే బతుకు తెలియదు.

కాలేజీలో పాఠాలు చెప్పే శ్రీలత సాయానికి వచ్చి, తెల్లపూత పూసిన రేకులను తొట్టి అడుగున పరిచింది. “ఎండ తగలాలె, నీళ్లు కదలాలె, కాకా. నీళ్లు నొక్కినప్పుడల్లా ఈ పూతల జరంత కరెంటు పుడుతది. ఎండ, కరెంటు కలిసి రంగును విరగ్గొడతయి.”

“షాక్ కొడ్తదా బిడ్డా?”

“చీమకు గూడ తెల్వదు. నువ్వు ఆపకుండ కలుపు.”

హీరాలాల్ తెల్ల రుమాలు తలకు చుట్టుకుని, గోడకున్న కట్టెను దించాడు. అది అతని భార్య గంగుబాయి రంగులు కలిపిన కట్టె. ఆమె పోయాక ఎవరూ దాన్ని తడపలేదు. ఆమె కలిపిన గులాబీ రంగు కోసం పిట్లం నుంచి కూడా వచ్చేవారు. ఆ పాళ్లు ఆమె చేతికే తెలుసు. అతను ఎన్నిసార్లు కలిపినా ఆ రంగు రాలేదు.

“ఇయ్యాల నువ్వే ఆదుకోవాలె,” అన్నాడు కట్టెతో.

నీళ్లు మెల్లగా తిరిగాయి. ఎండ తొట్టిలోంచి లేచి గోడమీద వణికింది. ఆ వెలుగుల్లో ఎవరివో గాజులు కదిలినట్టు తోచి, అతను కునికిపాటులో ఉన్నట్టే కలుపుతూ పోయాడు. తెల్లవారే ఆకాశంలా నీలం పలచబడింది.

“కాకా! నీలం పోయింది. మరి గీ ఎరుపు ఏడికెల్లొచ్చింది?” శ్రీలత గొంతులో కంగారు.

హీరాలాల్ కట్టె పైకెత్తాడు. దాని కొసనుంచి బొట్లుబొట్లుగా ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. కళ్లార్పకుండా చూశాడు.

“కట్టె తాగిన రంగే కక్కుతుంది,” అంది శ్రీలత. “దాన్ని పొయ్యిల పడేయ్ కాకా. లేకుంటే దుకాణం దక్కదు.”

అతను కట్టె తీసుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికి పెంకుల మీదుగా పొగ లేచింది.

“అయ్యో, వదిన కట్టె కాలబెట్టిండు,” ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హీరాలాల్ తిరిగొచ్చి, మోచేతి దాకా చెయ్యి ముంచి కలపసాగాడు.

“తలకు రుమాలేది అన్నా? గింత ఎండల!”

“ఉండనీ ముత్తవ్వా. తలకాయకు గూడ గాలాడాలె గద.”

పొద్దు వాలుతుండగా భానుప్రసాద్ వచ్చాడు. తొట్టి అడుగున రేకులు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ముత్తవ్వ మేక వచ్చి తన నీడను తనే వాసన చూసింది. భానుప్రసాద్ తెచ్చిన తాళాన్ని మళ్లీ జేబులో వేసుకున్నాడు.

మిగతావాళ్లు వెళ్లాక శ్రీలత మెల్లగా అంది. “కట్టె సంగతి మనసుల పెట్టుకోకు కాకా.”

“లేదు బిడ్డా. పోయి రా.”

హీరాలాల్ లోపలికి నడిచి, పొయ్యిమీద మరుగుతున్న గిన్నె మూత తీశాడు. అందులో ఉడుకుతున్న గంగుబాయి కట్టెతోనే అడుగునున్న గుడ్డను పైకెత్తాడు. పొద్దున తలకు చుట్టుకున్న తెల్ల రుమాలు, గంగుబాయి గులాబీలో మునిగి లేచింది.